చెర వీడిన వేడుక

2025 డిసెంబరు 6వ తేదీన కెనడాలోని మాంట్రియల్ విమానాశ్రయంలో కొన్ని పెట్టెలు దిగినవి. వాటిని ఎదుర్కొనుటకు ఆదివాసి ప్రతినిధులు పలువురు వచ్చి నిలిచినారు. పెట్టెలలో ఉన్నవి 62 వస్తువులు. ఉత్తరధ్రువ సముద్రతీరాన నివసించే ఇనువియాలుయిట్ ప్రజలు వేటకు వాడుకొనే కయాక్ పడవ వాటిలో ఒకటి. 1925లో పోపు పదకొండవ పయస్ రోములో జరిపించిన మిషనరీ ప్రదర్శన కొరకు ప్రపంచపు నలుమూలల నుండి ఇట్టి వస్తువులను వేలకొలది తెప్పించినారు. వాటికన్ మ్యూజియంలో దీర్ఘకాలం ఉండిపోయిన ఈ 62 వస్తువులను పోపు పదునాలుగవ లియో 2025 నవంబరులో కెనడా బిషప్పులకు అప్పగించినారు. ఇవన్నీ ఆనాడు పోపుగారికి అందిన కానుకలే అని వాటికన్ వాదం. మతప్రచారకుడూ, ప్రభుత్వపు ఏజెంటూ, పోలీసూ కలిసి ఒక గ్రామాన్ని ఏలుతున్న కాలంలో కానుక అనే మాటకు అర్థమేమి అని ఆదివాసుల ప్రశ్న.

వస్తువు తిరిగి వచ్చుట కంటికి కనిపించే సంగతి. దానికి తేదీ ఉంటుంది, ఛాయాచిత్రం ఉంటుంది. అయితే ఆ వస్తువులతో పాటు పోయినవి మరికొన్ని ఉన్నవి. పాట పోయినది, నాట్యం పోయినది, పండుగ పోయినది, వీటన్నిటినీ మోసిన భాష పోయినది. వీటిని పెట్టెలలో సర్ది విమానంలో పంపుటకు వీలులేదు. కొన్ని దశాబ్దాలుగా కెనడా ఆదివాసుల జీవితంలో కనిపిస్తున్న విశేషాలలో ఈ రెండవ రాకయే ఎక్కువ విలువైనది, ఎక్కువ కష్టమైనది కూడా. అది అర్థం కావలెనంటే మరియొక డిసెంబరు నెలకు, 1921 నాటికి వెళ్ళవలసి ఉన్నది.

కెనడా పశ్చిమ తీరాన వాంకూవర్ దీవి ఉత్తర భాగంలోను, దాని చుట్టుపట్ల ఉన్న చిన్న దీవులలోను క్వాక్వకెవాక్వ అనే జనులు నివసిస్తారు. క్వాక్వల భాష మాట్లాడేవారు అని ఆ పేరుకు అర్థం. సముద్రంలో సాల్మన్ చేప, అడవిలో సెడార్ చెట్టు వారి సంపద. చలికాలం ప్రవేశించి పనిపాటలు తగ్గగానే వారికి వేడుకల ఋతువు మొదలవుతుంది. ఆ వేడుకలలో పెద్దది పాట్లాచ్. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చే మాట పెట్టుపోతలు. ఇంట పెండ్లి జరిగినా, బిడ్డకు పేరు పెట్టినా, పెద్ద మరణించి అతని పదవి వారసునికి సంక్రమించినా ఆ కుటుంబంవారు నాలుగూళ్ళ జనాన్ని పిలిచి, విందు చేసి, కొయ్యముసుగులు ధరించి నాట్యమాడి, తమ వంశపు పాటలు పాడి, వచ్చినవారందరికీ కానుకలు పంచుతారు. ఎంత కూడబెట్టినారన్న దానిని బట్టి గాక ఎంత పంచినారన్న దానిని బట్టి ఆ ఇంటికి పరువు. పుచ్చుకొన్నవాడు సాక్షి. ఫలానా పేరు ఫలానావానికి చెందినది, ఫలానా పాట ఫలానా ఇంటిది అని రేపు తగవు వస్తే చెప్పవలసిన బాధ్యత అతనిది. లిపి లేని సమాజంలో రిజిస్ట్రారు కచేరి చేసే పనిని ఆ విందు చేసేది.

తెల్లవారి ప్రభుత్వానికి ఇది అర్థం కాలేదు. సంవత్సరమంతా కష్టపడి సంపాదించినది ఒక వారంలో పంచిపెట్టుట వారి కంటికి పిచ్చితనంగా కనిపించినది. పొదుపు అలవడదనీ, పిల్లలు బడి మానివేస్తారనీ, మతప్రచారం సాగదనీ పాదరులు, ఏజెంట్లు మొరపెట్టుకొన్నారు. 1876 నాటి ఇండియన్ ఆక్టును 1884లో సవరించి పాట్లాచ్‌ను నేరం చేసినారు. 1885 జనవరి నుండి అది అమలులోనికి వచ్చినది. రెండు నెలల నుండి ఆరు నెలల వరకు ఖైదు. 1895లో మైదాన ప్రాంతపు తెగల సూర్యనృత్యం వంటి వ్రతాలలోని ముఖ్యాంశాలను కూడా ఈ నిషేధం క్రిందికి తెచ్చినారు. (కొలంబస్ చేసిన పొరపాటు నేటికీ ఆ చట్టం పేరులో నిలిచి ఉన్నది. చట్టమూ నేటికీ అమలులోనే ఉన్నది.)

నిషేధం వచ్చినంతమాత్రాన వేడుక ఆగలేదు. అది దొంగచాటున సాగినది. దొరలు క్రిస్మస్ నాడు ఒకరికొకరు కానుకలు ఇచ్చుకొనుట తప్పు కాదు గదా, ఆ రోజులలో మేమిస్తే తప్పేమి అన్న యుక్తి ఆదివాసులకు తోచినది. పైగా డిసెంబరులో ఆ తీరాన తుఫానులు ఎక్కువ. పోలీసు పడవలు కదలవు. ఈ ధైర్యంతోనే 1921 డిసెంబరులో డాన్ క్రాన్మర్ అనే ప్రముఖుడు విలేజ్ ఐలండ్ అనే మారుమూల దీవిలో ఆరు దినాల పాట్లాచ్ జరిపినాడు. అతడు పంచిన వస్తువుల జాబితా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చిన్న పడవలు, మోటారు పడవలు, పిండి బస్తాలు, కుట్టుమిషన్లు, బిలియర్డ్సు బల్లలు, వయొలిన్లు, గిటార్లు, గ్రామఫోన్లు. ఆదిమకాలపు ఆచారమని ఎవరు దానిని ఈసడించినారో వారి కర్మాగారాలలో తయారైన సరుకులే అందులో అనేకం ఉన్నవి.

సంగతి బయటపడినది. అలర్ట్ బే అనే ఊరిలో ఉండే ఇండియన్ ఏజెంటు విలియం హాలిడే 45 మందిపై కేసులు పెట్టించినాడు. వారిపై మోపిన నేరాలు ఎట్టివంటే, ఒకడు ఉపన్యాసం చెప్పినాడు, మరొకడు నాట్యం చేసినాడు, ఒకరు కానుకలను వరుసగా పేర్చినారు, మరొకరు వాటిని అతిథులకు అందించినారు. విచారించిన న్యాయాధికారియూ హాలిడేయే. ముసుగులు, గిలకలు, కిరీటాలు మొదలైన వేడుకసామగ్రి అంతయూ గ్రామం గ్రామమే అప్పగిస్తే శిక్ష నిలిపివేస్తామని బేరం పెట్టినారు. కొందరు తమవారిని చెర నుండి తప్పించుటకు తాతతండ్రుల నాటి సొత్తును ఇచ్చివేసినారు. ఒప్పుకొనని సుమారు ఇరువదిమంది స్త్రీపురుషులు ఓకల్లా జైలుకు పోయినారు. వశపరచుకొన్న వస్తువులను చర్చి హాలులో పరచి, ప్రవేశరుసుము పెట్టి జనానికి చూపినారు. పిమ్మట అవి ఆటవా, టొరాంటో మ్యూజియములకు చేరినవి. కొన్నిటిని న్యూయార్కు సంగ్రాహకుడొకడు కొన్నాడు. కొన్ని ఏ దారిని పోయినవో తేలలేదు.

ఇట్టి చట్టాలు కెనడాకే ప్రత్యేకం కావు. అదే సామ్రాజ్యం మన దేశంలో 1871లో నేరస్థ జాతుల చట్టం చేసి, పుట్టుకనే నేరంగా ఎంచినది. 1911లో దానిని మదరాసు రాజధానికి కూడా విస్తరింపజేసినారు. బాపట్ల సమీపాన ఉన్న స్టువర్టుపురం ఆ చట్టపు చాయలో ఏర్పడిన ఊరే. అచట 1951లో పాట్లాచ్ నిషేధాన్ని చట్టం నుండి తొలగించినారు. ఇచట 1952లో నేరస్థ జాతుల చట్టం రద్దయినది. తొలగించిన తీరు కూడా గమనింపదగినది. కెనడా ప్రభుత్వం తప్పు చేసితినని చెప్పలేదు. కొత్తగా వ్రాసిన చట్టంలో ఆ సెక్షను కనబడకుండా పోయినది, అంతే.

అరువది ఆరేండ్ల నిషేధం పాటలకు చేసిన హాని ఎట్టిదో తెలియవలెనంటే ఆ జనులలో పాటకు గల స్థానం తెలియవలెను. వారి పాట అందరిదీ కాదు. పొలమువలె, ఇంటివలె అది ఒక వంశానికి చెందిన ఆస్తి. పెండ్లి ద్వారానో, వారసత్వం ద్వారానో సంక్రమిస్తుంది. హక్కు లేనివాడు పాడరాదు. ఆ హక్కును నలుగురి ఎదుట ప్రకటించే చోటు పాట్లాచ్. అది లేనినాడు పాట వచ్చినవాడు ఉన్నా దానిని అప్పగించుటకు సభ లేదు, సాక్షి లేడు. 1947లో, నిషేధం ఇంకా అమలులో ఉండగానే, వియన్నా నుండి నాజీల బారి తప్పించుకొని వచ్చిన ఐడా హాల్పర్న్ అనే సంగీతశాస్త్రజ్ఞురాలికి బిల్లీ అస్సు అనే వృద్ధనాయకుడు తన పాటలు పాడి వినిపించినాడు. తనతో అవి అంతరించిపోతవేమోనన్న భయంతో, పరాయి స్త్రీ తెచ్చిన యంత్రానికి వాటిని అప్పగించినాడు. తరువాత మంగో మార్టిన్ అనే శిల్పి, గాయకుడు కూడా ఆమెకు పాడినాడు. చట్టం మారిన పిదప 1953 డిసెంబరులో విక్టోరియా నగరపు థండర్‌బర్డ్ పార్కులో తాను నిర్మించిన పెద్ద ఇంటిలో, ఎవరి భయమూ లేకుండా మొదటి బహిరంగ పాట్లాచ్ జరిపినవాడు ఈ మంగో మార్టినే.

వస్తువులకు మాత్రం ఇంకా పాతికేండ్లు పట్టినది. తిరిగి ఇచ్చెదము గాని మ్యూజియం కట్టుకొన్న తరువాతనే అని ఆటవా అధికారులు షరతు పెట్టినారు. ఎవరి వస్తువులను ఎవరు భద్రపరచవలెనో దొంగిలించినవారే నిర్ణయించుట విచిత్రమే. అయినను వారు కట్టుకొన్నారు. 1979లో కేప్ మజ్‌లో ఒకటి, 1980లో అలర్ట్ బేలో మరొకటి వెలసినవి. రెండవదానికి పెట్టిన పేరు ఉమిస్త. పూర్వం శత్రువులు దాడిచేసి చెరపట్టుకొని పోయిన మనిషి, ధనమిచ్చి విడిపించగానో, ఎదురు దాడివల్లనో ఇల్లు చేరితే అతనికి ఉమిస్త కలిగినదనేవారు. ముసుగులు కూడా అట్లే చెర వీడి వచ్చినవి. అక్కడ వాటిని గాజుపెట్టెలలో బంధింపలేదు. పాట్లాచ్‌లో ఏది ముందు, ఏది వెనుక వస్తుందో ఆ వరుసలోనే నిలిపినారు. ఫ్రెంచి అధివాస్తవిక కవి ఆంద్రే బ్రెటన్ ఇంట చేరిన ఒక శిరోభూషణాన్ని ఆయన కుమార్తె 2003లో స్వయంగా తెచ్చి అప్పగించినది.

ఇంతవరకు జరిగినది పెద్దల కథ. పిల్లల కథ దీనికన్న కఠినమైనది. ఉపాధ్యాయులు తప్పక తెలుసుకొనవలసినది కూడా అదే. చట్టం పండుగను ఆపదలచినది, భాషను ఆపే పనిని బడికి అప్పగించినది. ప్రభుత్వధనంతో, చర్చిల నిర్వహణలో నడచిన రెసిడెన్షియల్ పాఠశాలలలో సుమారు 1,50,000 మంది ఆదివాసి బాలబాలికలను ఉంచినారు. జుట్టు కత్తిరించి, పేరు మార్చి, తల్లిభాష మాట్లాడితే శిక్షించిన బడులు అనేకం. 4,100 మందికి పైగా పిల్లలు ఆ బడులలో మరణించినట్లు ఇంతవరకు నమోదైనది. చివరి బడులు మూతపడినది 1990వ దశకం చివరిలో. 2008లో ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పినాడు. సత్యసమన్వయ సంఘం ఆరేడేండ్లు వాఙ్మూలాలు విని 2015లో 94 కార్యాలను సూచించినది. ఒక స్మారకదినం ఏర్పరచవలెనన్నది అందులో 80వది.

ఆ దినం వచ్చుటకు ముందే జనం ఒక దినాన్ని ఏర్పరచుకొన్నారు. 1973లో ఫిల్లిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేండ్ల బాలిక బ్రిటిష్ కొలంబియాలోని ఒక మిషన్ పాఠశాలలో ప్రవేశించినది. బడికి వెళ్ళే మనుమరాలికని అవ్వ కొని పెట్టిన నారింజరంగు చొక్కాను తొలిరోజే ఒలిచి తీసుకొన్నారు. ఆ చొక్కా మరల ఆమె చేతికి రాలేదు. పెరిగి పెద్దయి ఆమె ఈ మాట చెప్పగా, 2013 నుండి సెప్టెంబరు 30వ తేదీ నారింజ చొక్కా దినమైనది. బడులు తెరిచే కాలంలో పిల్లలను ఇళ్ళ నుండి తీసుకొనిపోయేవారు గనుక ఆ నెలను ఎన్నుకొన్నారు. 2021 మే నెలాఖరున కామ్లూప్స్ పాఠశాల ఆవరణలో రాడార్ పరీక్షవల్ల గుర్తులేని సమాధులు కావచ్చునన్న జాడలు కనబడినవని ప్రకటన వెలువడగా దేశం కలతపడినది. కొద్ది రోజులకే పార్లమెంటు ఆ తేదీని సత్యసమన్వయ దినంగా, ఫెడరల్ ఉద్యోగులకు సెలవుగా శాసించినది. అయితే అన్ని రాష్ట్రాలూ దానిని ఒకే తీరున పాటించుట లేదు.

దీనికి తోడు జూన్ 21వ తేదీ ఉన్నది. సంవత్సరంలో పగలు అన్నిటికన్న దీర్ఘమైన ఆ రోజు అనేక తెగలకు పూర్వం నుండి పండుగయే. 1982లో ఆదివాసి సంఘం కోరగా, 1996లో గవర్నర్ జనరల్ దానిని జాతీయ దినంగా ప్రకటించినాడు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్ 2001లోను, యూకాన్ 2017లోను దానిని సెలవుదినం చేసినవి. ఆ దినాన నగరాల పార్కులలో డోళ్ళు మ్రోగుతవి, నాట్యాలు జరుగుతవి. ఏ దుస్తులతో, ఏ నాట్యంతో తన నివాసభూమి దాటి వెళ్ళితే 1914 నాటి సవరణ క్రింద పశ్చిమ రాష్ట్రాల ఆదివాసి నేరస్థుడయ్యేవాడో, అదే వేషంతో నేడతనిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నారు. ఇది మేలైన మార్పే. కాని ఒక దినం చప్పట్లు కొట్టి మిగిలిన దినాలు మరచిపోయే ప్రమాదం ఇందులో ఉన్నదని ఆదివాసి పెద్దలే అంటున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. సెలవు ప్రకటించుటకు ఒక సంతకం చాలును. పాట నేర్చుకొనుటకు చిన్నతనం నుండి వినే చెవి కావలెను.

ఆ చెవి తెగిపోయినచోట కొందరు యువకులు యంత్రాల సహాయంతో దానిని అతికించుకొంటున్నారు. న్యూ బ్రన్స్విక్‌లోని టొబీక్ గ్రామానికి చెందిన జెరెమీ డచర్ పాశ్చాత్య ఒపేరా గానం అభ్యసించినవాడు. అతని మాతృభాష వొలస్తొకె. ధారాళంగా మాట్లాడేవారు నూరుమందికి మించరని చెబుతున్నారు. మ్యాగీ పాల్ అనే వృద్ధగాయని, తమ పూర్వుల గొంతులు మ్యూజియంలో ఉన్నవి, పోయి విను అని అతనికి చెప్పినది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో విలియం మెక్లింగ్ అనే మానవశాస్త్రజ్ఞుడు మైనపు గొట్టాల మీద పట్టిన పాటలవి. చెవులకు యంత్రం తగిలించుకొని, గరగరల నడుమ అస్పష్టంగా వినిపించే ఆ కంఠాలను డచర్ పదేపదే విని, స్వరాలు వ్రాసుకొని, పియానోతో కొత్త రూపం కల్పించినాడు. తన గొంతు ప్రక్కన ఆ పాత గొంతులనూ వినిపింపజేసినాడు. ఆ ఆల్బముకు 2018లో కెనడాలో పేరెన్నికగన్న పొలారిస్ బహుమానం లభించినది. 2024లో రెండవ ఆల్బముకు కూడా వచ్చి, ఆ బహుమానాన్ని రెండుమార్లు పొందిన మొదటివాడైనాడు. మొదటి ఆల్బము అంతయూ వొలస్తొకె భాషలోనే సాగినది. రెండవదానిలో ఆంగ్లగీతాలు కూడా ఉన్నవి. తన భాషను నేర్చుకొనే అవకాశం పోగొట్టుకొన్న తనవారితో మాట్లాడుటకు ఆ భాషయే గతియైనది. ఈ ఒక్క విషయంలో ఎంత దుఃఖమున్నదో ఆలోచింపదగును.

ఉత్తరాన ఇన్యుయిట్ స్త్రీల కంఠగానం కూడా ఇట్టి కథయే. ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి, చేతులు పట్టుకొని, ఊపిరితోనే గాలినీ, నీటినీ, పక్షులనూ ధ్వనింపజేస్తారు. ముందు నవ్వినామె ఓడినట్లు. ఇంత అమాయకమైన ఆటను కూడా మతప్రచారకులు నిషేధించినారు. టాన్యా టగాక్ అనే గాయని చదువుకొరకు ఇల్లు విడిచి హాలిఫాక్స్‌లో ఉండగా, తల్లి పంపిన టేపులు విని ఈ విద్యను ఒంటరిగా సాధన చేసినది. జంటగా పాడవలసిన దానిని ఏకకంఠంగా మార్చి, 2014లో పొలారిస్ బహుమానం గెలిచినది. అదే సంవత్సరం క్విబెక్ ప్రభుత్వం ఈ గానాన్ని రాష్ట్ర సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించినది.

క్రిస్మస్ సంగతి మరల వస్తున్నది. కెనడా చర్చిలలో డిసెంబరులో పాడే హ్యూరన్ కీర్తన ఒకటి ఉన్నది. సుమారు 1642లో జాన్ ద బ్రెబ్యూఫ్ అనే జెసూయిట్ పాదరి వెండాట్ భాషలో దానిని రచించినట్లు ప్రసిద్ధి. నేడు ఎక్కువగా వినిపించే ఆంగ్లగీతం మాత్రం 1926లో మిడిల్టన్ వ్రాసినది. అది మూలానికి అనువాదం కాదు. అందులో దైవానికి వాడిన పేరు కూడా వెండాట్ మాట కాదు, వేరొక భాషాకుటుంబానికి చెందినది. ఆదివాసి పాట పాడుతున్నామని సంతోషించే సభలో వెండాట్ భాష ఒక్క ముక్క లేకుండుట ఈ వ్యవహారమంతటికీ మంచి ఉదాహరణ. వెండాట్ భాష మాట్లాడేవారు లేక చాలకాలం మూగవోయినది. వెండాకె గ్రామంవారు దానిని ఇప్పుడు మరల నేర్చుకొంటున్నారు. వారికి ఆధారం ఆ జెసూయిట్లు వ్రాసి ఉంచిన నిఘంటువులే! చరిత్ర ఒక్కొక్కప్పుడు ఇట్టి చమత్కారాలు చేస్తుంది.

అన్ని పండుగలూ ఇట్లు చెరలోనే గడిపినవనుకొనరాదు. ఫ్రెంచి, స్కాటు వర్తకులకూ ఆదివాసి స్త్రీలకూ పుట్టిన మేటీ జనుల నూతన సంవత్సరాది అందుకు సాక్ష్యం. ఆనాడు మొదట ఇంటి పెద్ద వద్ద ఆశీస్సు పొంది, ఇల్లిల్లు తిరిగి, మాంసపు ఉండల పులుసూ రొట్టే తిని, వయొలిన్ మ్రోగుతుండగా తెల్లవార్లూ రెడ్ రివర్ జిగ్ ఆడుతారు. వయొలిన్ ఐరోపాది, అడుగులలో ఆదివాసి నడక ఉన్నది.

2021 జనాభా లెక్కలలో కెనడా ఆదివాసుల సంఖ్య 18 లక్షలు దాటినది. దేశజనాభాలో నూటికి అయిదుగురు. వారి భాషలు డెబ్బదికి పైగా ఉన్నవి. అయితే వాటిలో ఏదో ఒకదానిలో సంభాషింపగలవారు 2,37,420 మంది మాత్రమే. అంతకు అయిదేండ్ల ముందుకన్న సుమారు పదివేలు తక్కువ. బహుమానాలు, సెలవుదినాలు పెరిగిన అయిదేండ్లలోనే ఈ తగ్గుదల కూడా జరిగినది. వృద్ధులు పోతున్నారు, వారి స్థానంలో నేర్చుకొనే పిల్లలు తగినంతమంది లేరు. 2019లో ఆదివాసి భాషల చట్టం చేసినారు. దాని ఫలితం ఉద్యోగుల నివేదికలలో గాక తరగతిగదిలో తేలవలసి ఉన్నది.

అలర్ట్ బేలో ఉమిస్త మ్యూజియం ప్రక్కనే ఎర్ర ఇటుకల పెద్ద భవనం ఒకటి ఉండేది. 1929లో తెరచి 1974లో మూసివేసిన సెయింట్ మైకేల్ రెసిడెన్షియల్ పాఠశాల అది. చెర వీడిన ముసుగులూ, పిల్లలను చెరపెట్టిన గోడలూ ముప్పది అయిదేండ్లపాటు ఒకదాని ప్రక్క ఒకటి నిలిచినవి. 2015 ఫిబ్రవరిలో, అందులో చదివిన వందలాది వృద్ధులు దూరప్రాంతాల నుండి వచ్చి చూస్తుండగా దానిని కూలగొట్టినారు. అదే ఊరిలో ఇప్పుడు ఆదివాసులే నడుపుకొనే బడి ఉన్నది. అక్కడ ఆంగ్లం, గణితాలతో పాటు క్వాక్వల భాష, పాటలు, నాట్యం పాఠాలుగా చెబుతారు. పిల్లలు తాము నేర్చినదానిని ఊరి పెద్ద ఇంటిలో, సెడార్ దూలాల క్రింద, నిప్పు చుట్టూ తిరుగుతూ ఆడి చూపుతారు. పూర్వం తమ భాష మాట్లాడినందుకు బడిలో శిక్ష అనుభవించిన తాతలూ అవ్వలూ అచట ప్రేక్షకులై కూర్చుంటారు.